బొమ్మల సైన్యం కథ తప్పిపోకుండా పెన్సిలూ పెన్నూ

విజయనగరంలో మా డాబా మీద ఆదివారాలు వార్‌హామర్ 40,000 ఆడతాం, బల్ల మీద చిన్న బొమ్మల సైన్యాలతో ఆడే యుద్ధపు ఆట అది. ప్రతిసారీ ఒకటే గొడవ: పోయిన నెల చచ్చిన కెప్టెన్ మళ్లీ ఎలా వచ్చాడని. ఆ ఆటలో లోహపు ఒళ్లున్న సైన్యం, నెక్రాన్ల విషయంలో ఇంకా ఎక్కువ. ఆట కంపెనీ వేసిన 2002 పుస్తకంలో వాళ్లు సిటాన్ దేవతల సేవకులు, 2011 పుస్తకంలో ఆ దేవతలనే ముక్కలు చేసి బంధించారు. వాదించుకునే ఇద్దరూ చెప్పేది నిజమే, చదివిన పుస్తకాలు వేరు.

ఇప్పుడు రూళ్ల నోటుబుక్‌లో దళానికో పేజీ పెట్టాం. పుస్తకంలోంచి తీసుకున్న కథ పెన్సిల్‌తో, పక్కన ఆ పుస్తకం వచ్చిన సంవత్సరం. మేం ఆడి తేల్చింది పెన్నుతో: తేదీ, చోటు, పోయినవాళ్లు. మూడు లైన్లు చాలు. బొమ్మ బేస్ అడుగున పేజీ నంబరు సన్న మార్కర్‌తో వేశాం. కొత్త పుస్తకం వస్తే పెన్సిల్ రాతే చెరిపేది, పెన్ను రాత జోలికి పోం. బొమ్మలు డబ్బాలో సర్దకముందే రాసేయండి, ఇంటికెళ్లాక సగం గుర్తుండదు.

బొబ్బిలి యుద్ధం లాంటి చరిత్ర ఆటలకు మాత్రం ఇది సరిపోదు. 1757 జనవరి 24న జరిగింది మన పెన్నుతో మారదు. అలాంటి ఆటల ఫలితం విడిగా వెనక పేజీల్లో రాసుకోండి.