విశాఖ వెళ్తున్నారా? సోమవారం కాకుండా చూసుకోండి

విశాఖలో ఒక్కరోజే ఉండేలా ప్లాన్ చేసుకుంటే, అది సోమవారం కాకుండా చూసుకోండి. ఆర్కే బీచ్‌లో ఉన్న ఐఎన్‌ఎస్ కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియానికి ఆ రోజు సెలవు. మిగతా రోజుల్లో కూడా, ఆదివారం తప్ప, మామూలుగా మధ్యాహ్నం రెండింటికి గానీ తెరవరు. అందుకే పొద్దున కైలాసగిరి ఎక్కేసి, భోజనం చేసి ఇటు రండి. లోపల దారి బాగా ఇరుకు, ఒకరి వెనక ఒకరు నడవాలి. గుండ్రటి తలుపుల దగ్గర వంగి, కాలెత్తి దాటాలి. పెద్ద బ్యాగులు, చీర కుచ్చిళ్లు కాస్త ఇబ్బందే. బయటికొచ్చి రోడ్డు దాటితే నేవీ ఒకప్పుడు వాడిన టీయూ-142 విమానం, అదీ చూసేయండి. సముద్రంలో మాత్రం పాదాలు తడుపుకుంటే చాలు. ఆర్కే బీచ్‌లో అల వెనక్కి వెళ్తూ కాళ్లకింద ఇసుకను లాగేస్తుంది, ఈతొచ్చినా లోపలికి దిగొద్దు.