ఖయాల్‌లో తాన్ – 3వ పాఠం: ఖాళీ నుంచి సమ్‌కి

పోయిన రెండు పాఠాల్లో హిందుస్తానీ ఖయాల్ గానం కోసం యమన్ రాగం పల్టాలు (స్వరాల అభ్యాస వరుసలు) ఆకారంలో, అంటే ‘ఆ’ అంటూ, పాడటం అలవాటైంది కదా, ఇవాళ వాటిని 16 మాత్రల తాళమైన తీన్‌తాల్‌లో పెడదాం. తాన్ (వేగంగా దొర్లే స్వరాల వరుస) అనగానే అందరూ స్పీడు కోసం ఆరాటపడతారు. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది ఎక్కడ ఎత్తుకోవాలన్నది, ఎందుకంటే ఎత్తుగడ సరిగ్గా ఉంటే సమ్ (తాళంలో మొదటి మాత్ర) దానంతట అదే దొరుకుతుంది, లేకపోతే ఎంత వేగంగా పాడినా చివర్లో టెన్షనే.

తబలా యాప్‌లో తీన్‌తాల్ నిమిషానికి 60 మాత్రల (తాళం లెక్కల) దగ్గర పెట్టుకోండి. 16 మాత్రల్లో తొమ్మిదోది ఖాళీ (చప్పట్లు లేకుండా చెయ్యి ఊపే చోటు). అక్కడ ఎత్తుకుని మాత్రకు రెండు స్వరాల చొప్పున, అంటే దుగున్‌లో, ఇది పాడండి:

నిరి గమ ధని సని | ధప మగ రిస నిరి | సా

మొదటి ని, చివరి ని మంద్రంలోవి (కింది స్థాయివి), మధ్యలో ‘ధని సని’లోని స తారషడ్జం, మ మాత్రం తీవ్రం (ప్రతి మధ్యమం). పదహారు స్వరాలు ఎనిమిది మాత్రల్లో అయిపోయి, ఆఖరి సా సరిగ్గా సమ్ మీద పడుతుంది. ఇదే తాన్‌ని చౌగున్‌లో, అంటే మాత్రకు నాలుగు స్వరాల చొప్పున, పాడాలంటే నాలుగు మాత్రలు చాలు కాబట్టి పదమూడో మాత్ర దాకా ఆగాలి. ఆ ఆగడమే కష్టం! చేత్తో తాళం వేస్తూ, పన్నెండో మాత్ర దాకా నోరు విప్పకుండా ఉండండి.

కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకి ఒక మాట. యమన్‌లో ఉన్నవి కల్యాణి స్వరాలే కాబట్టి గ, ని దగ్గర గొంతు అలవాటుగా ఊగుతుంది. ఈ సపాట్ (నేరుగా సాగే) తాన్‌లో ఊపు వద్దు, ప్రతి స్వరం నిటారుగా నిలబడాలి. దవడ ఆడకూడదు, ‘ఆ’ కాస్తా ‘హ హ హ’ అయిపోకూడదు. గడ్డం మీద వేలు ఆనించి పాడితే దవడ కదిలిందో లేదో అప్పటికప్పుడే తెలిసిపోతుంది. హైదరాబాద్‌లో స్థిరపడిన గ్వాలియర్ ఘరానా (సంప్రదాయం) గాయని మాలినీ రాజూర్కర్ టప్పాలు (వేగంగా తిరిగే స్వరాలతో నిండిన పాటలు) వినండి, అంత వేగంలోనూ ఏ స్వరానికా స్వరం విడిగా వినిపిస్తుంది.

ఇక మనోధర్మం. తాన్ మొత్తం మార్చక్కర్లేదు, ఎత్తుగడా ముగింపూ అలాగే ఉంచి నడుమ మాత్రం తిప్పండి:

నిరి గమ గరి గమ | ధప మగ రిస నిరి | సా

పైషడ్జానికి వెళ్లకుండా గాంధారం దగ్గరే తిరిగాం, లెక్క మాత్రం చెదరలేదు. ఇలాంటివి మీరే ఓ నాలుగు కట్టి, కాగితం మీద రాసుకోకుండా పాడండి. తడబడితే లయ తగ్గించండి, స్వరాలు మాత్రం మింగకండి. వచ్చే పాఠంలో సమ్‌కి బదులు బందిష్ (రాగంలో కట్టిన పాట) ముఖడా (ఎత్తుగడ పంక్తి) అందుకోవడం చూద్దాం.