నన్నారి వేళ్లను మరిగించకండి, మూతపెట్టి నానబెట్టండి

నన్నారి షర్బత్ కాసేటప్పుడు ఇల్లంతా ఘుమఘుమలాడుతోందంటే సీసాలోకి చేరాల్సిన వాసన గాలిలో కలిసిపోతోందన్నమాట. నన్నారి అంటే సుగంధిపాలే; ఆ వేరుకు పరిమళం 2-హైడ్రాక్సీ-4-మిథాక్సీబెంజాల్డిహైడ్ వల్ల వస్తుంది. ఇదీ వెనిలా వాసననిచ్చే వెనిలిన్ లాంటిదే: అవే పరమాణువులు, అమరికే వేరు. నీటిలో కొద్దిగానే కరుగుతుంది, ఆవిరితో మాత్రం ఇట్టే లేచిపోతుంది. అందుకే గంటసేపు మరిగించిన కషాయంలో చివరికి వగరే మిగులుతుంది.

కొనేముందు ఒక వేరు విరిచి చూడండి. ముదురు గోధుమరంగు బెరడు మీద అడ్డంగా పగుళ్లు, లోపల గట్టి పుల్ల ఉండాలి. బెరడును గోరుతో గీరగానే వాసన రావాలి. రాలేదంటే అవి పాతబడినవో, నల్లతీగ వేళ్లో అయి ఉంటాయి. రాయలసీమలో మారేడు గడ్డలూ (బిల్వ చెట్టువి కావు, ఒక అడవి తీగవి) వాడతారు, వాటిలోనూ ఇదే పదార్థం ఉంది. కానీ గడ్డ తవ్వితే తీగ చచ్చిపోతుంది, అడవుల్లో ఇప్పటికే అరుదైపోయింది. తోటల్లో పెంచినవి దొరికితేనే తీసుకోండి.

100 గ్రాముల ఎండువేళ్లను చన్నీళ్లలో రుద్ది, మట్టి పోగానే తీసేయండి. రోట్లో దంచితే బెరడు ఊడి వస్తుంది. నడిమి పుల్ల పారేయండి, పరిమళమంతా బెరడులోనే. బెరడును కచ్చాపచ్చాగా నలిపితే చాలు. మెత్తటి పొడి చేస్తే గుడ్డ రంధ్రాలు మూసుకుపోయి వడకట్టడం కుదరదు.

అర లీటరు నీళ్లు మరిగించి, పొయ్యి ఆపి, రెండు మూడు నిమిషాలాగి స్టీలు గిన్నెలో బెరడు మీద పోయండి. ఇనుప గిన్నె వద్దు, బెరడులోని టానిన్లతో (వగరునిచ్చే పదార్థాలు) కలిసి నల్లబడుతుంది. వెంటనే బిగుతుగా మూతపెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున మూత లోపలి చుక్కల వాసన చూడండి, సగం పరిమళం అక్కడే ఉందా అనిపిస్తుంది. వాటినీ గిన్నెలోకే దులిపి, పిండకుండా పలుచటి గుడ్డలో వడకట్టండి. పిండితే అడుగున మడ్డి దిగుతుంది. ఇది మొదటి సారం. అదే బెరడు మీద మళ్లీ 350 మి.లీ. వేడినీళ్లు పోసి, మూతపెట్టి, గంట తర్వాత వడకట్టి విడిగా ఉంచండి.

రెండూ కలిపి సుమారు 700 మి.లీ. వస్తే 1.3 కిలోల చక్కెర కావాలి. ఎంత వచ్చినా 100 మి.లీ.కి 185 గ్రాముల లెక్క. చక్కెరంతా రెండో సారంలోనే వేసి లేత తీగపాకం పట్టండి, రెండు నిమ్మకాయల రసం పిండండి. దించి, కాస్త వేడి తగ్గాక, గోరువెచ్చగా అవ్వకముందే మొదటి సారం కలిపి మూతపెట్టండి. ఈ వరస తప్పితే రాత్రంతా నానబెట్టిన శ్రమ వృథా.

సీసా అడుగున పలుకులు కడితే పాకం ముదిరినట్టు. బూజు పట్టిందంటే చక్కెర తగ్గిందో, సీసా తడిగా ఉందో. రంగు తేనెలా లేతగా ఉన్నా కంగారు పడొద్దు, అంగట్లో సీసాలకు ఆ ముదురు రంగు తరచూ మాడ్చిన చక్కెరతో వస్తుంది. గ్లాసుకు 30 మి.లీ., చన్నీళ్లు, నానిన సబ్జా గింజలు చాలు.