నాలుగైదు స్కూళ్లు కలిసి ఒకే నెట్, ఒకే ఆన్‌లైన్ పాఠాలు వాడుకోవాలంటే ఏం చేయాలి

దగ్గర దగ్గరగా నాలుగు స్కూళ్లుంటాయి, నాలుగింటికీ నాలుగు లైన్లు, నాలుగు బిల్లులు, నాలుగు చోట్లా మధ్యాహ్నానికి నెట్ పాకుతూ ఉంటుంది. అప్పుడు ఎవరో ఒకాయన మీటింగులో లేచి "అందరం కలిసి ఒక పెద్ద లైన్ తీసుకుంటే పోలా" అంటారు. ఆలోచన మంచిదే, నేనూ ఇలాంటి ఒక గ్రూపులో కొన్నేళ్లు టెక్నికల్ పని చూశాను కాబట్టి చెప్తున్నా, కాకపోతే అందులో ఒక మెలిక ఉంది, అది ముందే తెలుసుకుంటే సగం గొడవలు ఉండవు.

మెలిక ఏంటంటే, ఇళ్లకి నెట్ ఇచ్చే కంపెనీ ఒకే లైన్‌ని చాలా ఇళ్లకి పంచి ఇస్తుంది, అది నడుస్తుంది, ఎందుకంటే అందరూ ఒకే క్షణంలో లాగరు. ఒకళ్లు సినిమా చూస్తుంటే ఇంకొకళ్లు నిద్రపోతుంటారు. స్కూళ్లు అలా కాదు కదా. గంట అన్నిచోట్లా దాదాపు ఒకే టైంకి కొడతారు, ల్యాబ్ పీరియడ్లు అవే, పరీక్షలు అవే రోజుల్లో, సెలవులూ అవే. కాబట్టి "నేను వాడనప్పుడు నువ్వు వాడుకో" అనే లెక్క స్కూళ్ల మధ్య పెద్దగా పని చెయ్యదు. కలిసినందువల్ల మిగిలేది ఎక్కడంటే బేరంలో, పిల్లలకి పనికిరాని సైట్లు అడ్డుకునే ఫిల్టర్ ఒకటే పెట్టుకోవడంలో, ఒకే మంచి టెక్నీషియన్‌ని పెట్టుకోవడంలో, పాఠాలు ఒకసారి నెట్‌లోంచి దింపి అందరూ వాడుకోవడంలో. బ్రిటన్‌లో సౌత్ వెస్ట్ గ్రిడ్ ఫర్ లెర్నింగ్ అని ఒకటుంది, మొదలైంది స్కూళ్ల బ్రాడ్‌బ్యాండ్ కన్సార్షియంగానే, ఇప్పుడు దాన్ని అందరూ ఎరిగింది పిల్లల ఆన్‌లైన్ భద్రత పనికి. లైన్ ఒక్కటే పట్టుకుని కూర్చుంటే గ్రూపు ఎక్కువ రోజులు నిలబడదని నాకైతే దీన్ని చూస్తే అనిపిస్తుంది.

సరే, పనిలోకి.

ముందు కొలవండి

ఎవరికెంత కావాలో ఎవర్నడిగినా "ఎక్కువ కావాలి" అంటారు. అది లెక్క కాదు. ప్రతి స్కూల్లో రౌటర్ దగ్గర రెండు వారాలు ట్రాఫిక్ గ్రాఫ్ పెట్టండి, ఐదు నిమిషాలకొకసారి రీడింగ్ తీసుకుంటే చాలు, లిబ్రెఎన్ఎంఎస్ లాంటి, నెట్ ఎంత వాడుతున్నారో గీసి చూపించే సాఫ్ట్‌వేర్లు ఫ్రీగానే దొరుకుతాయి. పరీక్షల వారం ఒకటి అందులో పడేలా చూస్కోండి.

ఇక్కడే చాలామందికి షాక్ తగులుద్ది. మేం చూసిన ఒక స్కూల్లో "నెట్ అస్సలు రావట్లేదు" అని గోల, తీరా గ్రాఫ్ చూస్తే లైన్‌లో పావు వంతు కూడా వాడట్లేదు, సమస్య వైఫైలో ఉంది, మూడు గదులకి కలిపి వరండాలో ఒకే ఒక్క వైఫై డబ్బా, అదీ 2.4 గిగాహెర్ట్జ్ అనే పాత, రద్దీ ఎక్కువుండే బ్యాండ్ మీద, పక్కన ఆఫీసు డబ్బా కూడా అదే ఛానల్లో కొట్టుకుంటూ ఉంది. 2.4లో ఒకదానికొకటి అడ్డం రాని ఛానళ్లు 1, 6, 11 మూడే. ఇలాంటి చోట ఎంత పెద్ద లైన్ తెచ్చినా బూడిదలో పోసిన పన్నీరే. అందుకే కొలిచేటప్పుడు వైర్ పెట్టి ఒకసారి, వైఫైలో ఒకసారి, రెండూ కొలవండి.

తర్వాత లెక్క. యూట్యూబ్ వాళ్లు చెప్పే ప్రకారం 480పీ వీడియోకి 1.1 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు, అంటే లైన్ వేగం), 720పీకి 2.5 ఎంబీపీఎస్ కావాలి. నలభై మంది పిల్లలు ఎవరి సిస్టంలో వాళ్లు 720పీ పెడితే 100 ఎంబీపీఎస్ ఆ ఒక్క గదికే పోతుంది. అదే వీడియో టీచర్ ప్రొజెక్టర్ మీద వేస్తే 2.5తో అయిపోతుంది. నాలుగు స్కూళ్లలో అదే పీరియడ్‌కి ల్యాబ్ ఉంటే 400. ఇది కాగితం మీద వేసి హెడ్మాస్టర్లకి చూపించండి, లైన్ సైజు గురించి సగం చర్చ అక్కడే తెగిపోద్ది. బయటి కొలత కావాలంటే, అమెరికాలో రాష్ట్రాల విద్యా టెక్నాలజీ డైరెక్టర్ల సంఘం సెట్డా 2012లో ఒక లెక్క చెప్పింది, విద్యార్థులూ స్టాఫూ కలిపి వెయ్యి మందికి 2014–15 కల్లా కనీసం 100 ఎంబీపీఎస్, 2017–18 కల్లా 1 జీబీపీఎస్ (అంటే వెయ్యి ఎంబీపీఎస్) ఉండాలని. అది మీకు అక్షరాలా వర్తించాలని లేదు, వెయ్యి మందికి ఇంత అని మాట్లాడటం మొదలుపెట్టడానికి పనికొస్తుంది అంతే.

లైన్ ఎక్కడ దిగాలి

ఒక స్కూల్‌ని సెంటర్ చేసి పెద్ద లైన్ అక్కడ దింపి, అక్కడ్నించి మిగతావాటికి పంచడం ఒక పద్ధతి. లేదంటే కంపెనీతోనే మాట్లాడి ఎవరి లైన్ వాళ్లకి నేరుగా వేయించుకుని బేరం, బిల్లు, ఫిల్టర్ మాత్రం ఉమ్మడిగా పెట్టుకోవడం రెండోది. స్కూళ్లు దూరదూరంగా ఉంటే రెండోదే నయం, నా ఓటు ఎప్పుడూ దానికే, ఎందుకంటే మొదటి పద్ధతిలో సెంటర్ పడితే అందరూ పడతారు.

మాకు అదే అయింది. సెంటర్‌గా ఉన్న స్కూల్‌కి ఏదో లోకల్ సెలవు, వాచ్‌మన్ అలవాటు ప్రకారం మెయిన్ స్విచ్ ఆపేసి తాళం వేసుకుని వెళ్లిపోయాడు, పాపం ఆయన తప్పేముంది, ఎవరూ చెప్పలేదు. మిగతా మూడు స్కూళ్లలో ఆ పొద్దున ఆన్‌లైన్ టెస్ట్. పిల్లలు స్క్రీన్ల ముందు కూర్చుని ఉన్నారు, బ్రౌజర్‌లో చక్రం తిరుగుతూనే ఉంది, మేం తాళం ఉన్న మనిషి కోసం ఫోన్లు తిప్పుతున్నాం, పదకొండింటికి గానీ దొరకలేదు. ఆ సాయంత్రమే నెట్ ర్యాక్‌కి, అంటే రౌటరూ స్విచ్‌లూ పెట్టిన బీరువాకి, విడిగా ఒక పవర్ లైన్, యూపీఎస్, స్విచ్ మీద "ఇది ఆపకూడదు" అని పెద్దక్షరాల్లో ఒక కాగితం, తాళం ఇద్దరి దగ్గర. మీరు ఇవి మొదటి రోజే చేయండి. ప్రతి స్కూల్లో మొబైల్ డేటా సిమ్ పెట్టిన చిన్న రౌటర్ కూడా ఒకటుంచండి, ఆఫీసుకీ పరీక్షకీ మాత్రమే వాడేలా.

బిల్డింగ్‌కీ బిల్డింగ్‌కీ మధ్య మామూలు లాన్ కేబుల్ లాగొద్దు, 100 మీటర్లు దాటితే నమ్మకంగా పని చెయ్యదు, దానికంటే ముఖ్యం పిడుగు పడితే ఆ రాగి తీగ పట్టుకుని రెండు వైపులా స్విచ్‌లు కాలతాయి, ఫైబర్ వేయండి. ఎదురుగా అడ్డం లేకుండా కనపడుతుంటే 5 గిగాహెర్ట్జ్ రేడియో కూడా నడుస్తుంది, మీ దేశంలో ఆ రేడియోకి ఏ పవర్ వరకు అనుమతో చూసుకుని పెట్టండి. ఇంకోటి, ఇళ్లకిచ్చే ప్లాన్ తీసుకుని పంచుకుంటే చాలా కంపెనీల ఒప్పందంలో అది కుదరదు. మేం నాలుగు సంస్థలం కలిసి వాడతాం అని ముందే చెప్పి రాతపూర్వకంగా ఒప్పించుకోండి.

కలిపేటప్పుడు వచ్చే తిప్పలు

చాలా రౌటర్లు పెట్టెలోంచి తీసినప్పుడు దాదాపు ఒకే అడ్రసులతో వస్తాయి, 192.168.1తో మొదలయ్యేవో 192.168.0తో మొదలయ్యేవో. నాలుగు స్కూళ్లని కలిపిన రోజు ఇక్కడి ప్రింటర్, అక్కడి ఆఫీసు కంప్యూటర్ ఒకే అడ్రస్ పట్టుకుని కూర్చుంటాయి, ఇక ప్రింట్ ఎటు పోతుందో దేవుడికే ఎరుక. కలపకముందే మొదటి స్కూల్‌కి 10.1తో మొదలయ్యేవి, రెండోదానికి 10.2తో, అలా పంచేయండి. బోరింగ్ పని, ఒక ఆదివారం పట్టుద్ది, తప్పదు. అదే రోజు ప్రతి స్కూల్లో పిల్లల నెట్‌వర్క్, ఆఫీసు నెట్‌వర్క్, గెస్టులది వీలాన్‌లు (ఒకే వైర్ల మీద విడివిడి నెట్‌వర్క్‌లు) పెట్టి విడగొట్టేయండి, మార్కుల రిజిస్టర్ ఉన్న కంప్యూటర్ పక్క స్కూల్ ల్యాబ్‌లోంచి కనపడకూడదు.

వాటా సంగతి, ఇది ఒకే లైన్ పంచుకునే మొదటి పద్ధతికి. 500 ఎంబీపీఎస్ లైన్, నాలుగు స్కూళ్లు అనుకోండి. ఒక్కోదానికి 100 గ్యారంటీ, మిగిలిన 100 ఎవరికి అవసరమైతే వాళ్లకి, ఎవరైనా తమ వాటా వాడకపోతే అది కూడా మిగతావాళ్లు లాక్కోవచ్చు. అంతేగానీ ఎవరికి వారికి 125 కోసేసి గోడలు కట్టొద్దు, అలాగని ఏ హద్దూ లేకుండా వదిలేయొద్దు, ఒకచోట కంప్యూటర్లన్నీ అప్‌డేట్ మొదలెడితే మిగతా మూడు చోట్లా వీడియో క్లాసు ఆగిపోద్ది. కొన్ని రౌటర్లలో కేక్ అని ఒక క్యూ పద్ధతి, అంటే ఎవరి డేటా ఎప్పుడు పోవాలో వరస పెట్టే పద్ధతి, ఉంటుంది, పేరు చూసి నవ్వకండి, లైన్ నిండిపోయినప్పుడు వీడియో కాల్‌లో మాటలు తెగకుండా అదే కాపాడుతుంది. ఇక గంట సంగతి: ల్యాబ్ పీరియడ్లు స్కూల్‌కో ఇరవై నిమిషాలు ఇటూ అటూ జరిపితే పైసా ఖర్చు లేకుండా లైన్ పెరిగినట్టే. టైంటేబుల్ వేసే మాస్టార్లని ఒప్పించడం మాత్రం ఫైబర్ వేయడం కంటే కష్టం.

పాఠాలు ఒకసారి దింపి అందరూ వాడుకోవడం

అసలు లాభం ఇక్కడుంది. పూర్వం స్క్విడ్ లాంటి ప్రాక్సీ (మధ్యలో నిలబడే సర్వర్) పెడితే ఒకళ్లు తెరిచిన పేజీ దాచిపెట్టి ఇంకొకళ్లకి ఇచ్చేది, ఇప్పుడు దాదాపు సైట్లన్నీ హెచ్‌టీటీపీఎస్ అయ్యాక, అంటే మధ్యలో ఎవరూ చదవలేకుండా మారాక అది దాదాపు దండగ. దాని బదులు పాఠాలనే లోపలికి తెచ్చేస్కోండి. కొలిబ్రి అని లెర్నింగ్ ఈక్వాలిటీ వాళ్ల సాఫ్ట్‌వేర్ ఉంది, నెట్ లేకుండా నడవడానికే చేశారు, ఖాన్ అకాడమీ పాఠాల్లాంటివి ఛానళ్లుగా వస్తాయి. ఒక స్కూల్లో రాత్రిపూట దింపుకుంటే మిగతా స్కూళ్లు అక్కడ్నించే లోకల్ నెట్‌వర్క్‌లో కాపీ చేసుకోవచ్చు. కివిక్స్ అనే ఆఫ్‌లైన్ సాఫ్ట్‌వేర్ అయితే వికీపీడియా మొత్తాన్ని ఒక ఫైల్‌గా ఇచ్చేస్తుంది, తెలుగు వికీపీడియా కూడా. కొలరాడో బౌల్డర్ యూనివర్సిటీ వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు (తెర మీద చేసే సైన్స్ ప్రయోగాలు) కూడా దింపుకుని ఆఫ్‌లైన్లో నడపొచ్చు, సైన్స్ టీచర్లు ఒకసారి రుచి మరిగితే వదలరు.

విండోస్‌లో డెలివరీ ఆప్టిమైజేషన్ ఆన్ చేస్తే ల్యాబ్‌లో ఒక సిస్టం దింపిన అప్‌డేట్ పక్క సిస్టంలకి అందుతుంది, నలభై సార్లు బయట్నించి లాగక్కర్లేదు.

హోంవర్కులకీ క్విజ్‌లకీ మూడుల్ అనే క్లాసు నడిపే సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే నాలుగు స్కూళ్లకి నాలుగు పెట్టొద్దు, ఒకటే పెట్టి లోపల స్కూల్‌కో కేటగిరీ ఇచ్చి, ఎవరి కేటగిరీకి వాళ్ల టీచర్‌నే మేనేజర్ చేయండి. యూజర్‌నేములు పేర్లతో పెట్టొద్దు. మేం మొదట అలాగే పెట్టాం, రెండు స్కూళ్లలో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్న అమ్మాయిలు ఇద్దరు, ఒకమ్మాయి క్విజ్ మార్కులు ఇంకో అమ్మాయికి పడ్డాయి, వాళ్ల నాన్న వచ్చి అడిగేదాకా మాకు తెలీదు. స్కూల్ కోడ్, దాని పక్కన అడ్మిషన్ నంబర్, అంతే. పుట్టినరోజు తేదీ లాంటివి ఎక్కడా ఎక్కించకండి.

లైసెన్సులు జాగ్రత్త. ఒక స్కూల్ పేరు మీద కొన్న పాఠాలు నాలుగు చోట్ల వాడటం దొంగతనమే అవుద్ది, గ్రూప్ రేటు అడగండి, చాలామంది ఇస్తారు. క్రియేటివ్ కామన్స్ అని ఉన్నవి పంచుకోవచ్చు, కానీ మార్పులు కూడదు అనే షరతు ఉంటే మీ భాషలోకి మార్చి పంచడం కుదరదు.

ఫిల్టర్ ఒకటే ఉన్నా, బ్లాక్ తీసే అధికారం ప్రతి స్కూల్లో ఒకరికివ్వండి. ఒక జీవశాస్త్రం టీచర్ పునరుత్పత్తి పాఠం తెరిస్తే ఫిల్టర్ అడ్డుకుంది, సెంటర్‌కి మెయిల్ పెట్టారు, తీసేసరికి పాఠమే అయిపోయింది. అలాంటివి రెండుసార్లు జరిగితే ఆవిడ ఇంక ల్యాబ్ వైపు రారు.

కాగితం

పదిమందిలో పాము చావదంటారు కదా, ఉమ్మడి నెట్ కూడా అంతే, పేరు రాసిపెట్టకపోతే ఎవరూ ఫోన్ చెయ్యరు. నెట్ పోతే కంపెనీకి ఫోన్ ఎవరు చేయాలి, ఆయన లేకపోతే ఎవరు, పాస్‌వర్డ్‌లు ఏ ఇద్దరి దగ్గర, ర్యాక్‌లో ఏ వస్తువు ఎవరి సొంతం, ఒక స్కూల్ డబ్బు కట్టడం మానేస్తే ఎన్నాళ్లు ఆగాలి, మధ్యలో బయటికి పోవాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి, ఇవి ఒకటి రెండు పేజీల్లో రాసి అందరి చేత సంతకాలు పెట్టించండి. ఖర్చు సమానంగా పంచితే చిన్న స్కూల్‌కి అన్యాయం, పిల్లల లెక్కన పంచితే పెద్ద స్కూల్ మూతి ముడుస్తుంది. మేం కొంత అందరికీ సమానం, మిగతాది పిల్లల లెక్క అని పెట్టుకున్నాం, అందరూ సమానంగా సణిగారు కాబట్టి సరిగ్గానే ఉందనుకున్నాం.

మొదటే నాలుగూ కలపకండి. రెండు స్కూళ్లు, ఒక టర్మ్. కలిపిన మొదటి వారంలోనే రెండు చోట్లా ల్యాబ్ ఉన్న పీరియడ్ చూసి, గంట కొట్టగానే అందరి చేతా ఒకేసారి వీడియో పెట్టించండి, అదే టైంలో ఆఫీసులో ఒకళ్లని వీడియో కాల్‌లో మాట్లాడమనండి. కాల్‌లో మాట తెగితే వాటా సెట్టింగులు ఆ సాయంత్రమే సరిచేసి, మర్నాడు అదే గంటకి మళ్లీ చేయించండి.