చెరువు బురదతో బొమ్మ పెంచే విధానం

రంగులు కొనకుండా, కుంచె ముట్టకుండా గాజు సీసాలో ఊదా, ఆకుపచ్చ, నలుపు రంగుల బొమ్మను రప్పించవచ్చు. ఆ రంగులు బురదలో బతికే సూక్ష్మజీవులవి. వాటికి ఏ తిండి పెట్టాలో, వెలుతురు ఎక్కడ పడాలో తేల్చడమే మన పని. 1880లలో రష్యన్ శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ ఈ జీవుల పరిశీలన కోసం కనిపెట్టిన పద్ధతి ఇది. ఉప్పల్‌లో పిల్లలకు డ్రాయింగ్ చెప్పే నాకు మాత్రం ఇది అచ్చమైన చిత్రకళ.

ముందు బురద. హుస్సేన్ సాగర్ దగ్గరే కదా అని అక్కడికి వెళ్లకండి. కూకట్‌పల్లి నాలా దశాబ్దాల పాటు మోసుకొచ్చిన ఫ్యాక్టరీల వ్యర్థాలు దాని అడుగున ఉన్నాయి. మురుగు కలవని చిన్న కుంట చూసుకుని, జమ్ము మొలిచే అంచున, నీటి కింద నల్లగా ఉన్న బురదను తవ్వండి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే సరైన చోటే తవ్వారన్నమాట. చేతులకు రబ్బరు తొడుగులు తప్పనిసరి. పుండ్లు, గాయాలు ఉన్నవాళ్లు దీన్ని ముట్టుకోకూడదు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడగాలి. ఆ కుంట నీళ్లు కూడా ఒక సీసాడు తెచ్చుకోండి.

బేగంబజార్‌లో చదునైన గోడలున్న గాజు జాడీలు దొరుకుతాయి. గుండ్రటి దాని కన్నా వీటిమీద బొమ్మ బాగా వస్తుంది. బురదలో రాళ్లు, పుల్లలు, నత్తలు ఏరేసి, దోసెల పిండిలా జారేటట్టు కలపండి. రెండు లీటర్ల జాడీ అయితే మూడో వంతు బురదలో గుప్పెడు చించిన న్యూస్ పేపరు, ఒక గుడ్డు పచ్చసొన, చెంచా గుడ్డు పెంకుల పొడి, చెంచా ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కలిపి అడుగున వేయాలి. ధూల్‌పేటలో వినాయకుడి విగ్రహాలు పోసే పొడే ఇది. దీని అసలు పేరు కాల్షియం సల్ఫేట్. మనకు కావలసింది అందులోని గంధకం. రంగు వేసిన విగ్రహం ముక్కలు మాత్రం వాడవద్దు. పైన మామూలు బురద నింపి, గాలి బుడగలు పోయేలా జాడీని నేలమీద మెల్లగా తట్టి, రెండంగుళాల నీళ్లు పోయండి. వాయువులు పోవాలి కాబట్టి మూత వదులుగా ఉండాలి.

లోపల జరిగేది ఇదీ. కాగితాన్ని తినే బాక్టీరియా అడుగున ఉన్న ఆక్సిజన్‌ను ఖర్చు చేసేస్తుంది. అప్పుడు మరో రకం సల్ఫేట్‌ను హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తుంది. అది బురదలోని ఇనుముతో కలిసి నల్లబడుతుంది. మిగిలిన సల్ఫైడ్ పైకి పాకుతుంది. దాన్ని ఎక్కువగా తట్టుకునే ఆకుపచ్చ గంధక బాక్టీరియా కిందా, ఊదా గంధక బాక్టీరియా దాని పైనా చేరతాయి. ఈ రెండింటికీ వెలుతురు కావాలి. మన స్టెన్సిల్‌కు, అంటే బొమ్మ ఆకారంలో కత్తిరించిన తొడుగుకు, ఆధారం అదే.

జాడీ నింపిన రోజే చుట్టూ అల్యూమినియం ఫాయిల్ చుట్టి, ఒకవైపు ముగ్గు ఆకారంలో కత్తిరించండి. నల్ల కాగితం ఎందుకు వద్దంటే, ఊదా బాక్టీరియా మన కంటికి కనిపించని పరారుణ కాంతిని కూడా వాడుకుంటుంది. కొన్ని నల్ల రంగులు ఆ కాంతిని ఆపలేవు. తెల్లటి ఎల్‌ఈడీ దీపాల్లో అది దాదాపు ఉండదు కాబట్టి కిటికీ వెలుతురే మేలు. ఎండ నేరుగా పడని కిటికీ అయితే ఇంకా మంచిది. మన మే నెల ఎండ నేరుగా తగిలితే జాడీ ఉడికిపోతుంది.

నెల దాటేవరకు తొందరపడవద్దు. ముందు గాజు మీద గుండుసూది తలంత వంకాయ రంగు చుక్క పడుతుంది. పక్కన ఇంకొకటి పడుతుంది. అవి అంచులు కలుపుకుంటూ, ముగ్గు గీత దగ్గరకు వచ్చి ఆగుతాయి. ఆ అంచును భూతద్దంతో చూడండి. ఏ కుంచెకూ అంత చక్కని అంచు రాదు.

చూసేవాళ్లను కూడా ఇందులో కలుపుకోవాలంటే ఫాయిల్‌లో చిన్న చిన్న తలుపులు కోయండి. ఒక్కో తలుపు ఒక్కో పిల్లవాడికి ఇచ్చి, తెరుస్తావో మూస్తావో నీ ఇష్టం అనండి. మూసిన చోట రంగు క్రమంగా తగ్గుతుంది, తెరిచిన చోట వస్తుంది. పిల్లలు రోజూ వచ్చి తమ తలుపు దగ్గర నిలబడతారు. ఒకరి తలుపు వేరొకరు ముట్టకుండా చూసుకోవడమే కష్టం.

ఇంకొంచెం ముందుకు వెళ్లాలనుకుంటే అదే బురదలో కరెంటు కూడా ఉంది. చిత్రకారులు వాడే గ్రాఫైట్ కడ్డీలు రెండు తీసుకుని, పైపూత గీకేయండి. ఒకటి బురద అడుగుకు, ఒకటి పైనున్న నీటిలోకి. బురదలోకి దిగే కడ్డీకి నీటి భాగంలో టేపు చుట్టాలి. కోఠీ గుజరాతీ గల్లీలో కొన్న మల్టీమీటర్‌ను రెండింటికీ తగిలిస్తే, కొన్ని వారాల్లో వోల్టులో కొన్ని పదో వంతులు కనిపిస్తాయి. జియోబాక్టర్ వంటి జీవులు తమ ఎలక్ట్రాన్లను ఒంటి బయటికి పంపడం వల్ల వచ్చే విద్యుత్తు ఇది. రాగి తీగ మాత్రం తడికి తగలకూడదు. తగిలితే మీటరు చూపేది బాక్టీరియా శక్తి కాదు, తుప్పు పడుతున్న రాగి శక్తి.