కార్తీక సోమవారానికి శ్రీశైలం కారులో వెళ్తున్నారా? ఇవి చూసుకోండి

- హైదరాబాద్ నుంచి వచ్చే దారిలోని మన్ననూరు అటవీ చెక్‌పోస్టు గేటు రాత్రి 9కి మూస్తారు, ఉదయం 6కే తీస్తారు. అవతల ఉన్నది పులుల అభయారణ్యం, బతిమాలినా వదలరు. ఆంధ్ర వైపున్న దోర్నాల దగ్గరా ఇదే పద్ధతి. హైదరాబాద్ నుంచైతే సాయంత్రం 4 లోపే బయలుదేరాలి. ఊరి ట్రాఫిక్ తినేసే గంటను చాలామంది లెక్కేసుకోరు. తీరా గేటు దగ్గర కారులోనే తెల్లారుతుంది.

- స్పర్శ దర్శనం (శివలింగాన్ని చేత్తో తాకే దర్శనం) ఉందో లేదో టికెట్ కొనేముందే దేవస్థానం వెబ్‌సైట్‌లో చూడండి. రద్దీ రోజుల్లో అలంకార దర్శనమే ఉంటుంది, అంటే తాకకుండా దూరం నుంచి చూడటమే.

- స్పర్శ దర్శనానికి మగవాళ్లు పంచె, కండువా. ఆడవాళ్లు చీర లేదా చున్నీతో చుడీదార్. ప్యాంటుతో వెళ్తే క్యూలోంచి వెనక్కి పంపేస్తారు, అప్పటికప్పుడు పంచె కోసం పరుగెత్తాలి.

- పెట్రోలు మన్ననూరుకు ముందే పోయించుకోండి. గదుల వివరాలు, టికెట్లు ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసుకోండి. అడవిలో సిగ్నల్ ఉండదు.

- కారు పడనివాళ్లకు వాంతుల మాత్ర ఘాట్ మొదలవడానికి అరగంట ముందే వేయాలి. మలుపులు మొదలయ్యాక వేస్తే అది నిలవదు.

- కృష్ణ ఒడ్డున స్నానాల రేవు పాతాళగంగకు మెట్లు దిగడం తేలికే, ఎక్కడమే కష్టం. మోకాళ్ల నొప్పులుంటే రోప్‌వే.

- శిఖరేశ్వరం దగ్గర కారు అద్దాలు పూర్తిగా ఎత్తండి. అక్కడి కోతులకు కొబ్బరిచిప్ప కనిపిస్తే చాలు.