సీజన్‌కి ముందు స్కోప్ జీరో: జాగ్రత్త టార్గెట్ కాగితం దగ్గరే మొదలవ్వాలి

టెక్సస్‌లో తెల్లతోక జింకల జనరల్ సీజన్ నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. డాలస్, హ్యూస్టన్ వైపు ఉంటూ వేటకు వెళ్లే తెలుగువాళ్లు రైఫిల్ స్కోప్ జీరో చేసే పనిని (గురి పెట్టినచోటే తూటా పడేలా స్కోప్‌ని సరిచేయడాన్ని) ఆ వారం దాకా నాన్చకండి. రెండు మూడు వారాల ముందే రేంజ్‌కి వెళ్తే, స్కోప్‌ని రైఫిల్‌కి బిగించే మౌంటు స్క్రూ వదులైనట్టు తేలినా సరిచేసుకునే వ్యవధి ఉంటుంది.

ఇంట్లో ప్రింట్ చేసుకునే గడుల టార్గెట్ బొమ్మ కాదు, కొలబద్ద. అది తప్పయితే స్కోప్‌ని ఎంత తిప్పినా లాభం లేదు. ప్రింటర్ సెట్టింగుల్లో ‘ఫిట్ టు పేజ్’ తీసేసి ‘యాక్చువల్ సైజ్’, అంటే 100 శాతం పెట్టండి. 8.5 × 11 అంగుళాల లెటర్ కాగితానికి గీసిన టార్గెట్‌ని ఎ4 మీద వేస్తే అంచులు తెగొచ్చు, లేదా మొత్తం కుదించుకుపోవచ్చు. ప్రింటయ్యాక స్కేలు పెట్టి కొలవండి. ఒక్క గడి కొలిస్తే తేడా గీత మందంలో కలిసిపోతుంది, అయిదు గడులు కలిపి కొలవాలి. అంగుళం గడులైతే సరిగ్గా 5 అంగుళాలు రావాలి. 4.7 వస్తే 94 శాతానికి కుదించుకుందన్నమాట. నిజానికి దానికే కొంప మునగదు, 100 గజాల దగ్గర నాలుగు గడుల సవరణలో ఒక్క క్లిక్కు (స్కోప్ మీది టర్రెట్ అనే సవరణ గుండీ ఒక మెట్టు తిరగడం) తేడా వస్తుందంతే.

కొంప ముంచేది 25 గజాల టార్గెట్‌ని తీసుకెళ్లి 100 గజాల దగ్గర కొట్టడం. అందులో ‘1 ఎంఓఏ’ (మినిట్ ఆఫ్ యాంగిల్, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) గడి పావు అంగుళమే, 100 గజాల దగ్గర 1 ఎంఓఏ అంటే 1.047 అంగుళాలు. తూటా అంగుళం పక్కకు పడితే మీకు నాలుగు గడులు కనిపిస్తాయి. క్లిక్కుకి పావు ఎంఓఏ జరిగే స్కోప్‌లో నాలుగు క్లిక్కులు చాలినచోట పదహారు తిప్పుతారు, తూటా అవతలివైపు మూడు అంగుళాలు దాటిపోతుంది. అందుకే ప్రతి కాగితం మీదా దూరం పెద్ద అక్షరాలతో రాసుకోండి.

పావు ఎంఓఏ స్కోప్‌లో ఒక్క క్లిక్కు 100 గజాల దగ్గర దాదాపు 1/4 అంగుళం, 50 దగ్గర 1/8, 25 దగ్గర 1/16. అంటే 25 గజాల్లో రెండు అంగుళాల తేడాకి 32 క్లిక్కులు. ఎంఓఏకి బదులు మిల్ అనే మరో కోణం కొలత వాడే స్కోప్ అయితే అంగుళాల గడులు వద్దు. 100 మీటర్ల దగ్గర 0.1 మిల్ క్లిక్కు సరిగ్గా ఒక సెంటీమీటరు, కాబట్టి సెంటీమీటరు గడులే వేసుకోండి.

కాగితం పల్చగా ఉంటే తూటా రంధ్రం చిరిగి, మధ్య ఎక్కడో తెలియదు. కాస్త దళసరి, మెరవని కాగితం మంచిది. ఇంక్‌జెట్ సిరా పొద్దుటి మంచుకి కారుతుంది. నిండు నల్లటి గుండ్రం మీద నల్లటి రెటికిల్ (స్కోప్‌లోని గురి గీతలు) కనిపించదు, మధ్యలో తెల్లగా వదిలిన చతురస్రమో నారింజ రంగు చుక్కో వాడండి. వెనుక అట్ట పెట్టి నాలుగు మూలలా స్టేప్లర్ కొట్టి, అడ్డగీతని లెవెల్‌తో సరిచూడండి. కాగితం వాలితే దాన్ని చూసి రైఫిల్ వాలుస్తారు, నిలువు సవరణ పక్కకి జారుతుంది.

కాగితం మార్చడానికి వెళ్లేది ‘సీజ్ ఫైర్’ (కాల్పులు ఆపండి) అని చెప్పాక, అన్ని రైఫిళ్ల బోల్టులూ తెరిచి, ఛాంబర్లు ఖాళీ అని చూసుకున్నాకే. మీరు అవతల ఉన్నప్పుడు బెంచీ మీద తుపాకీని ఎవరూ ముట్టుకోకూడదు, స్కోప్‌లో చూడటానికైనా సరే. కళ్లద్దాలు, చెవి రక్షణ తీయకండి. స్కోప్‌కి కన్ను మరీ దగ్గరగా పెడితే వెనక్కి తన్ని కనుబొమ్మ చీలుతుంది.

మొదట 25 గజాల దగ్గర మొదలుపెట్టండి. అక్కడ సరిగ్గా మధ్యలో పడాలన్న పట్టు వద్దు. .308 రైఫిల్‌ని 100 గజాలకు జీరో చేస్తే, బ్యారెల్ కంటే స్కోప్ అంగుళంన్నర ఎత్తులో ఉంటుంది కాబట్టి, 25 దగ్గర తూటా అర నుంచి ముప్పావు అంగుళం కిందనే పడుతుంది. తర్వాత 100 గజాలకు వెళ్లి మూడు తూటాలు కొట్టి, ఆ గ్రూపు మధ్య నుంచి కొలవండి. ఒక్క రంధ్రం చూసి టర్రెట్ తిప్పితే మీ చేతి వణుకుని సరిచేస్తున్నట్టే. టర్రెట్ మీది బాణం తూటా ఎటు జరగాలో చెబుతుంది: కింద పడితే ‘అప్’. గ్రూపుకీ గ్రూపుకీ మధ్య బ్యారెల్ చల్లారనివ్వండి, వేటకు వాడబోయే తూటాలే వాడండి.

చివరగా ఇంకోరోజు కొత్త కాగితం పెట్టి, చల్లటి బ్యారెల్‌తో ఒకే ఒక్కటి కొట్టి చూడండి. అడవిలో మీకు దొరికేది ఆ మొదటి తూటానే. తేదీ, దూరం, తూటా రకం ఆ కాగితం మీదే రాసి దాచుకోండి.